చుట్టాలొస్తే పరిచే దుప్పటి

పిల్లల క్యారేజీలు సర్దేసి, గిన్నెలు పక్కన పెట్టేసి, కాస్త కూర్చునే వేళ అనుకుంటాను. కాఫీ చల్లారేలోపు ఒక్కమాట అడుగుతాను, నిజం చెప్పాలి. రాత్రి మీరు తల పెట్టుకుని పడుకున్న దిండు కొని ఎన్నేళ్ళయింది? గుర్తు రావడం లేదు కదూ! అదే హాల్లో సోఫా ఏ పండక్కి కొన్నామో, ఎంతకి బేరమాడామో, తోడు ఎవరొచ్చారో గడగడా చెప్పేస్తాం.

మొన్న బీరువా సర్దుతుంటే అడుగు అరలోంచి ఒక కలంకారీ దుప్పటి బయటపడింది. పదకొండేళ్ళ కిందట బందరులో పెళ్ళికి వెళ్ళి, తిరిగొస్తూ పెడనలో ఆగి కొన్నాను. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచడం, పటిక కలిపి చెక్క అచ్చులతో ఎరుపు అద్దడం, బెల్లం నీళ్ళలో ఇనప తుప్పు నానబెట్టి తీసిన నలుపుతో గీతలు వేయడం, కాలవలో జాడించి ఎండలో ఆరేయడం, ఇంత పనీ కళ్ళారా చూసి మరీ కొన్నాను. ఇంటికి తెచ్చి "చుట్టాలొస్తే పరుద్దాం" అని దాచాను. చుట్టాలొచ్చారు, వెళ్ళారు. ప్రతిసారీ చేతిలోకి తీసుకోవడం, పిల్లలు కాఫీ ఒలకబోస్తారేమోనని మళ్ళీ లోపల పెట్టేయడం. మొన్న విప్పేసరికి కలరా ఉండల వాసన గుప్పుమంది. దులిపి పరుద్దామని రెండు చివర్లూ పట్టుకుని విదిలించానో లేదో, మడత గీత వెంబడి మూరెడు పొడవున పర్రుమని చిరిగింది.

చిరిగిన దుప్పటి ఒళ్ళో పెట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయాను. ఆ మంచం మీద పరిచి ఉన్నదేమిటో చూడండి. మధ్యలో పల్చబడి, కింద పరుపు రంగు కనబడుతున్న పాత దుప్పటి, ఒక మూల కుట్టు ఊడింది. అటువంటి వాటి మీద పదకొండేళ్ళు పడుకున్నాను. లెక్కేస్తే నాలుగు వేల రాత్రులు. ఏడాదికి రెండుసార్లు వచ్చే చుట్టానికి ఇచ్చిన విలువ నా వీపుకి ఇవ్వలేదన్న సంగతి ఆ చిరుగు చూశాకే తట్టింది. అందుకే ఈ నెల మన ముచ్చట్లు పరుపులూ దిండ్లూ దుప్పట్ల మీద. నేను చెప్పేది ఒక్కటే. ఇంటి కోసం ఖర్చు పెట్టే రూపాయి ముందు ఒంటికి తగిలే చోట పెట్టాలి, కంటికి కనబడే చోటు సంగతి తర్వాత.

సరిగ్గా ఆ వారంలోనే మా చెల్లి కూకట్‌పల్లి నుంచి ఫోను చేసింది. కొత్త ఫ్లాట్‌లోకి మారి రెండు నెలలు.

"అక్కా, రాత్రిళ్ళు కంటి మీద కునుకుండటం లేదే. వీపంతా చెమట. ఏసీ ఆపితే చాలు, తడిసిపోతున్నాను."

"ఏం పరుపు కొన్నావే?"

"మెమరీ ఫోమ్. పదంగుళాల మందం. అందరూ అదే బాగుంటుందన్నారు."

వెళ్ళి చూద్దును కదా, ఇంద్రభవనంలా ఉంది గది. గోడకి ఆనించిన పెద్ద మంచం, కింద సామాను పెట్టుకునే పెట్టె, పైన పదంగుళాల పరుపు. అరచేత్తో నొక్కితే వేళ్ళ గుర్తులు పడి మెల్లిగా పూడుకుంటున్నాయి. మెమరీ ఫోమ్ కథ తెలుసా? 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పరిశోధనల్లో విమానం సీట్ల కోసం తయారుచేసిన పదార్థం అది. కుదుపుకి ఒళ్ళు హూనం కాకుండా ఉండాలని చేశారు. ఒంటి వేడికి మెత్తబడి, ఒంటి ఆకారానికి ఒదిగిపోవడమే దాని గుణం. ఒదిగినచోట గాలి ఆడదు, వేడి బయటికి పోదు. చలిదేశాల వాళ్ళకి అది హాయి. ఏసీ ఎనిమిది గంటలూ ఆడే గదిలో మనకీ బాగానే ఉంటుంది. కానీ మే నెలలో, అర్ధరాత్రి కరెంటు బిల్లు గుర్తొచ్చి ఏసీ కట్టేసే మన ఇళ్ళలో అది వీపుకి కుంపటి. పరుపు మంచిదే కావచ్చు, మన ఊరి ఎండకి మాత్రం తగింది కాదు.

అంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకొకటి ఉంది. మా అమ్మ అప్పుడు చెల్లి దగ్గరే ఉంది. ఆ మంచం అంచున కూర్చుని మందుబిళ్ళ వేసుకుంటోంది. కాళ్ళు రెండూ గాల్లో వేలాడుతున్నాయి, బల్ల మీద కూర్చోబెట్టిన చిన్నపిల్ల కాళ్ళలాగా. మా అమ్మ నాలుగడుగుల పదంగుళాల మనిషి. మంచం పద్నాలుగు అంగుళాలు, పరుపు పది, వెరసి రెండడుగుల ఎత్తు. ఆవిడ పాదాలకీ నేలకీ మధ్య జానెడు ఖాళీ. రాత్రి రెండుసార్లు బాత్రూముకి లేవాలి. లేచిన ప్రతిసారీ ఆ ఎత్తునుంచి చీకట్లో కిందికి జారాలి. "ఎందుకమ్మా చెప్పలేదూ?" అంటే, "ఎంతో ముచ్చటపడి కొనుక్కుంది, ఏం చెబుతానే. నేను కింద చాప వేసుకుంటాలే" అంది. డెబ్భై రెండేళ్ళ మోకాళ్ళతో నేల మీద పడుకుంటే పొద్దున లేవడానికి గోడ పట్టుకోవాలి. ఆ సంగతి ఆవిడ అనదు.

కాబట్టి పెద్దవాళ్ళున్న ఇంట్లో పరుపు మెత్తదనం తర్వాత, ముందు ఎత్తు చూడండి. టేపు అక్కర్లేదు. మంచం అంచున కూర్చోబెట్టండి. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్ళు తుంటికంటే మరీ పైకి లేవకూడదు. మరీ కిందికి ఉన్నా లేవలేరు, మరీ పైకి ఉన్నా దిగలేరు. మా అమ్మకి పదిహేను, పదహారు అంగుళాలు సరిపోతుందని తేలింది. ఆవిడ కోసం విడిగా ఒక మామూలు చెక్క మంచం కొని, దాని మీద నాలుగంగుళాల కొబ్బరిపీచు పరుపు వేశాం. మొదటి రాత్రి ఆవిడ కూర్చుని పాదాలు నేలకి ఆనించి, ఒకసారి ఇటూ అటూ రాసి చూసుకుంది. ఏమీ అనలేదు. పొద్దున ఆరున్నరకి గానీ లేవలేదు.

చెల్లి పరుపు వెనక్కి తీసుకోమంటే ఆ కొట్టువాళ్ళు కుదరదన్నారు. ప్లాస్టిక్ కవరు చించేశారు కాబట్టి తీసుకోమట! కొనేముందే అడిగి బిల్లు మీద రాయించుకోవాల్సిన మాటలు రెండున్నాయి. నచ్చకపోతే ఎన్నాళ్ళలోగా మారుస్తారు, ఎన్ని అంగుళాలు కుంగితే వారంటీ ఇస్తారు. పదేళ్ళ వారంటీ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. కింద చిన్నక్షరాల్లో ఇంత కుంగితేనే అని ఉంటుంది. ఆ చిన్నక్షరాలు కూడా చదవండి.

ఇంకోమాట. ఇది మనలో మన మాట. పరుపుల కొట్టుకి ఆడవాళ్ళం వెళ్తాం, నాలుగు పరుపుల మీద అరచేత్తో నొక్కి చూస్తాం, వచ్చేస్తాం. పడుకుని చూడం. కొట్టునిండా మగవాళ్ళు, ఎలా పడుకుంటాం అని మొహమాటం. ఆయనగారు బోర్లాపడి, వెల్లకిలాపడి "ఇది బాగుందే" అంటారు, మనం తల ఊపుతాం. ఆయన బరువు వేరు, మన బరువు వేరు. ఆయన నడుం వేరు, రెండు కాన్పులైన మన నడుం వేరు. సిగ్గుపడకండి. చున్నీయో, చిన్న దుప్పటో వెంట తీసుకెళ్ళండి, కాళ్ళమీద కప్పుకోండి, చెప్పులు విప్పి పదినిమిషాలు పడుకోండి. ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే, పక్కకి తిరిగి. భుజం, తుంటి కాస్త లోపలికి దిగాలి, నడుం మాత్రం వేలాడకూడదు. నడుం కింద చెయ్యి పోనిస్తే అంతా ఖాళీ తగిలితే ఆ పరుపు మరీ గట్టిది. చెయ్యి తీయడం కష్టమైతే మరీ మెత్తది.

నడుంనొప్పి ఉన్నవాళ్ళు బల్లమీద పడుకోవాలని మన పెద్దవాళ్ళు గట్టిగా నమ్మేవాళ్ళు. మా అత్తగారు నాకోసం పరుపు తీయించేసి చెక్క మీద జంపఖానా వేయించారు, ప్రేమతోనే. పొద్దున్నే భుజాలు కూడా పట్టేసేవి. స్పెయిన్‌లో డాక్టర్లు దీర్ఘకాలం నడుంనొప్పి ఉన్న 313 మందికి కొందరికి బాగా గట్టి పరుపూ, కొందరికి మధ్యరకం గట్టి పరుపూ ఇచ్చి మూడు నెలలు గమనించారు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో అది వచ్చింది. మధ్యరకం మీద పడుకున్నవాళ్ళకే నొప్పి బాగా తగ్గింది. 'ఆర్థోపెడిక్' అని లేబులుంటే సరిపోదమ్మా. ఆ మాట ఎవరైనా అచ్చువేసుకోవచ్చు. కొన్నింటిలో లోపల ఉండేది ఫోము ముక్కల్ని జిగురుతో అతికి నొక్కిన దిమ్మ. గట్టిగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, అంతే. ఫోము కొనేవాళ్ళు డెన్సిటీ అడగండి. 32 అంటే ఒక ఘనపు మీటరు ఫోము ముప్ఫై రెండు కిలోలు తూగుతుందని. 40 అయితే ఇంకా చిక్కన, ఇంకా ఎక్కువకాలం మన్నుతుంది. గట్టిదనానికీ డెన్సిటీకీ సంబంధం లేదు, ఆ రెండూ కలిపి చెబుతుంటే ఆపి మళ్ళీ అడగండి.

నన్నడిగితే, ఏసీ లేని ఇళ్ళకి కొబ్బరిపీచు పరుపే మంచిది. పీచుకి రబ్బరు పాలు పట్టించి నొక్కి చేస్తారు. సందుల్లోంచి గాలి ఆడుతుంది, చెమట ఆరిపోతుంది. ఒకటే లోపం, రోజూ ఒకేచోట పడుకుంటే అక్కడ గుంట పడుతుంది. మూడు నెలలకోసారి తలవైపు కాళ్ళవైపుకి తిప్పి, బోర్లించుకుంటే ఆ గుంట తొందరగా పడదు. చేతిలో డబ్బు ఆడేవాళ్ళకి రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ పరుపులున్నాయి. మన్నిక, మెత్తదనం రెండూ ఉన్నవి. మొయ్యడానికి మాత్రం ఇద్దరు కావాలి.

ఇక బూరుగు దూది. ఈ మాట రాస్తుంటేనే ముక్కులో దురద పుడుతోంది నాకు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్తే, దొడ్లో బూరుగు చెట్టుకి కాయలు ఎండి టప్‌టప్‌మని పగిలేవి. కాయలన్నీ ఏరుకొచ్చి, గాలి తగలని కొట్టుగదిలో తలుపులు వేసుకుని కూర్చునేవాళ్ళం. అమ్మమ్మ తలకీ ముక్కుకీ తువ్వాలు చుట్టుకుని, కాయ చీల్చి దూది లాగితే నల్లటి గింజలు మిరియాల్లా కనబడేవి. గంపలో వేసి సన్నటి బద్దతో కొడుతుంటే గింజలు అడుక్కి దిగేవి, దూది పైకి లేచేది. బయటికొచ్చేసరికి పిల్లలందరి కనుబొమలూ తెల్లగా ఉండేవి. చారల గుడ్డ సంచిలో ఆ దూది కూరి, దబ్బనంతో అంచు కుట్టి, మధ్య మధ్య దారం ముడులు వేసేది అమ్మమ్మ. ఒక దిండుకి కిలో దూది ఇట్టే పట్టేది.

ఆ దూదిలో ప్రతి పోగూ లోపల బోలు. గొట్టంలాంటి ఆ పోగులో ఉండేది గాలే. పైన మైనంలాంటి పూత ఉంటుంది కాబట్టి నీరు పీల్చదు. అందుకే ఒకప్పుడు ఓడల్లో ప్రాణం కాపాడే జాకెట్లలోనూ ఈ దూదే కూరేవాళ్ళు. మన వీపుకి చల్లగా ఉండేదీ అందుకే. పత్తి దూది అలా కాదు. చెమట పీలుస్తుంది, ఏడాది తిరిగేసరికి అణిగి గడ్డకడుతుంది. పూర్వం దూదేకే ఆయన విల్లు భుజాన వేసుకుని వీధి వీధీ తిరిగేవాడు. ఆ నారి టంగ్ టంగ్‌మని మోగుతుంటే గడ్డకట్టిన దూది మళ్ళీ మబ్బులా విచ్చుకునేది. ఇప్పుడు యంత్రం పెట్టుకుని ఏకి ఇచ్చేవాళ్ళున్నారు. మీ ఊళ్ళో ఉంటే పాత పరుపు పారేయకండి, ఏకించి మళ్ళీ కుట్టించుకోండి. బూరుగుది కొత్తగా కుట్టించుకుంటే మాత్రం కళ్ళముందే కూరించుకోండి. మిల్లు దూది తుక్కు కలిపేస్తారు. వేళ్ళ మధ్య నలిపితే బూరుగుది పట్టులా జారుతుంది, తుక్కు ఉండలు కడుతుంది. పరుపు తడపకండి, ఉతకాలనుకోకండి, ఎండే దానికి స్నానం. ఇంకోటి మర్చిపోకండి. ఆ దూది ఇట్టే అంటుకుంటుంది. పక్కన దోమల చుట్టలూ అగరొత్తులూ వెలిగించొద్దు, దోమతెర కట్టుకోండి.

దుప్పటి దగ్గరకొద్దాం. ఆన్‌లైన్లో బొమ్మ చూసి మురిసిపోయి కొంటాం. చేతికి మెత్తగా, నున్నగా జారుతుంది. రాత్రి పడుకుంటే వీపుకి అతుక్కుంటుంది. అది పాలియెస్టర్ అమ్మా, 'గ్లేస్ కాటన్' అన్నా 'మైక్రో కాటన్' అన్నా పేరు చూసి మోసపోకండి. అంచునుంచి రెండు పోగులు లాగి, సింకు దగ్గర జాగ్రత్తగా అగ్గిపుల్ల చూపించండి. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి, ముట్టుకుంటే రాలిపోయే బూడిదవుతుంది. పాలియెస్టరైతే కరిగి, ముడుచుకుని, గట్టి పూసలా మిగులుతుంది. ముఖ్యంగా నలభై అయిదు దాటిన అక్కలకి చెబుతున్నా. ఉన్నట్టుండి అర్ధరాత్రి ఒళ్ళంతా ఆవిర్లు కమ్ముకొచ్చి, మెడ తడిసి మెలకువొచ్చే రోజులివి. ఎవరికీ చెప్పుకోం, లేచి కూర్చుని ఫ్యాను వైపు చూస్తాం. ఆ వయసులో పల్చటి నూలు దుప్పటీ, నూలు నైటీ మందులాగే పనిచేస్తాయి.

థ్రెడ్ కౌంట్ వెయ్యి అని రాసుంటే పరుగెత్తకండి. చదరపు అంగుళంలో నిలువు పోగులూ అడ్డం పోగులూ కలిపి లెక్కపెట్టిందే ఆ అంకె. రెండు మూడు సన్నపోగులు పేనిన దారాన్ని ఒక్కటిగా కాకుండా రెండుగా, మూడుగా లెక్కేసి అంకె పెంచేస్తారు. రెండు వందలనుంచి నాలుగు వందలలోపు మంచి నూలు మన వాతావరణానికి చాలు. అంతకన్నా నేత బిగిస్తే గాలాడదు. సాదా నేత దుప్పటి కరకరలాడుతూ చల్లగా ఉంటుంది, శాటిన్ నేతది నున్నగా వెచ్చగా ఉంటుంది. ఎండాకాలానికి మొదటిదే కొనండి.

కొలత సంగతి. ఇక్కడే అందరం డబ్బు పోగొట్టుకునేది. కింగ్ సైజు పరుపు 72 అంగుళాల వెడల్పు, 78 పొడవు. మందం ఎనిమిదంగుళాలనుకోండి. రెండు పక్కలా దిగడానికి పదహారు, కిందికి దోపడానికి ఆరేసి చొప్పున పన్నెండు. అంటే వెడల్పు నూరు, పొడవు నూట ఆరు ఉండాలి. మనం కొనేది 90కి 100 డబుల్ దుప్పటి. అందుకే పొద్దున లేచేసరికి మూలలన్నీ మధ్యలోకి వచ్చి మూటకట్టుకుని ఉంటాయి. 108కి 108 అడగండి.

కప్పుకునే వాటిలో నా ఓటు సోలాపూర్ దుప్పటికే. మా ఇంట్లో ఒకటి ఇరవై ఏళ్ళుగా ఉంది. చాకిరేవు బండమీద బాదినా చెక్కుచెదరలేదు, ఉతికే కొద్దీ మెత్తబడింది. మహారాష్ట్ర పేరే అయినా ఆ మగ్గాల దగ్గర వినబడేది మన తెలుగే. తరాల కిందట తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువుకి వలసపోయిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఆ దుప్పటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కింద పరుచుకోవడానికైతే వరంగల్ కొత్తవాడ జంపఖానా. 2018లో దానికీ గుర్తింపొచ్చింది. అచ్చం నూలుది, రెండు వైపులా వాడుకోవచ్చు. మధ్యాహ్నం అన్నం తిన్నాక గచ్చుమీద అది పరుచుకుని నడుం వాలిస్తే ఆ చల్లదనం ఏ పరుపుకీ రాదు. ఆప్కోలో దుప్పట్లూ తువ్వాళ్ళూ దొరుకుతాయి, పండగ రిబేటు పెట్టినప్పుడు వెళ్ళి రెండు జతలు తెచ్చుకోండి.

తువ్వాలంటే గుర్తొచ్చింది. హోటల్లో చూసొచ్చి బొద్దుగా ఉండే టర్కీ తువ్వాళ్ళు కొంటున్నాం. వానాకాలంలో రెండు రోజులైనా ఆరవు, ముక్కవాసన. తలస్నానం చేసిన జుట్టుకి పల్చటి చేనేత తువ్వాలే హాయి. గంటలో ఆరిపోతుంది.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు మాట, దిండు. మన ఇళ్ళలో దిండ్లు ఎలా పంచుతామో ఎప్పుడైనా చూసుకున్నారా? కొత్తవి రెండు కొంటే ఒకటి ఆయనకి, ఒకటి పిల్లాడికి. ఆయన పాతది అమ్మాయికి. అమ్మాయి పాతది, అణిగి అట్టులా అయినది, మనకి. చుట్టాలొస్తే అదీ ఇచ్చేసి, చీర మడతపెట్టి తలకింద పెట్టుకుంటాం. పొద్దున మెడ పట్టేస్తే జండూబామ్ రాసుకుని పొయ్యి వెలిగిస్తాం. నేనూ ఇరవై రెండేళ్ళు అలాగే చేశాను. మెడ నుంచి చేతివేళ్ళదాకా తిమ్మిరెక్కితే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మీ దిండు ఎలాంటిదమ్మా?" అని. జవాబు చెప్పలేకపోయాను.

పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి దిండు ఎత్తుండాలి, భుజం అంచునుంచి చెవిదాకా ఉన్నంత. వెల్లకిలా పడుకునేవాళ్ళకి దానికి కాస్త తక్కువ. బోర్లా పడుకునే అలవాటుంటే పల్చటిది చాలు. కడుపుతో ఉన్న చెల్లెళ్ళు ఎడమవైపు తిరిగి, మోకాళ్ళ మధ్య ఇంకో దిండు పెట్టుకోండి, నడుం తేలికపడుతుంది. మనకి తలకి నూనె రాసుకునే అలవాటు కదా, దిండుకి రెండు గలీబులు తొడగండి. లోపలిది జిప్పుది, పైది వారానికోసారి మార్చేది. నూనె పచ్చగా దిగిన గలీబుని వేణ్ణీళ్ళలో చాకలి సోడా వేసి నానబెడితే వదులుతుంది.

కొత్తగా తల్లులైనవాళ్ళకి ఒక మాట, మీ అమ్మలు కోప్పడినా సరే. తల గుండ్రంగా వస్తుందని పసిబిడ్డకి ఆవాల దిండు పెడతాం. ఏడాది నిండేదాకా బిడ్డ తలకింద ఏ దిండూ వద్దని పిల్లల డాక్టర్లు అంటారు. చుట్టూ మెత్తటి బొమ్మలూ దుప్పట్లూ పేర్చొద్దు, మొహం మీద పడితే తోసుకోలేరు. చదునైన, గట్టి పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. దాని మీద బిగువుగా దోపిన ఒక్క నూలు దుప్పటి చాలు. పెళ్ళిలో కట్టుకున్న నూలు చీర చింపి అమ్మ కుట్టిచ్చిన బొంత ఉంటే అది మీ ఒళ్ళో వేసుకుని పాలివ్వడానికి, మేలుకుని ఆడుకునేటప్పుడు కింద పరవడానికి ఎంతో బాగుంటుంది. నా దగ్గర అలాంటిది ఉంది. సన్నటి వరసకుట్టు, మధ్యలో అమ్మ దారం అయిపోయి రంగు మార్చిన చోటు ఇప్పటికీ తెలుస్తుంది.

మంచాన పడ్డ పెద్దవాళ్ళకి సేవ చేస్తున్న అక్కలు చాలామంది ఉన్నారు మీలో. ఆ పెద్దవాళ్ళకి వట్టి రబ్బరు షీటు వేయకండి, ఒళ్ళు ఉడికిపోతుంది. పైన తువ్వాలు గుడ్డ, కింద నీరు దిగని పొర ఉండే కవర్లు దొరుకుతున్నాయి. రెండు కొనుక్కుంటే ఒకటి ఉతుకులో, ఒకటి వాడుకలో. పుండ్లు పడకుండా గాలి పరుపు వేసినా సరే, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం మానకూడదు.

ఏం కొన్నా, ఎంత పెట్టి కొన్నా, ఎండ చూపించకపోతే అన్నీ దండగే. మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతికే కంటికి కనబడని పురుగులు పరుపుల్లో, దిండ్లలో చేరతాయి. పిల్లలు పొద్దున్నే లేవగానే వరసగా తుమ్ముతుంటే ముందు వాటినే అనుమానించండి. గాలిలో తేమ ఎక్కువైతే పెరుగుతాయి. దుప్పట్లూ గలీబులూ వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతికితే చస్తాయి. దిండ్లని మేడమీద ఎర్రటి ఎండలో వేసి, మధ్యాహ్నం తిరగేసి, కర్రతో కొట్టి దుమ్ము దులిపి తెచ్చుకోండి. ఫ్లాట్లలో మేడ తాళం వేసుంటే బాల్కనీలో కుర్చీమీద రెండు గంటలు ఆనించినా మేలే. ఫోము పరుపుని మాత్రం ఎర్రటెండలో వేయొద్దు, పెళుసెక్కి పొడి రాలుతుంది. నీడలో గాలి ఆడనిస్తే చాలు. దుప్పట్లకి గంజి ఎండాకాలంలో పల్చగా వేసుకోండి, వానాకాలంలో మానేయండి.

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని మన పెద్దవాళ్ళ మాట. పగలంతా పొలంలో వంగి నాటు వేసొచ్చిన ఒంటికి అది నిజం. చాప చూస్తే చాలు, నిద్ర ముంచుకొచ్చేది. ఉద్యోగం కుర్చీలో, బస్సులో, వంటగదిలో నిలబడి నలిగే మన ఒంటికి, వయసు మీదపడుతున్న మన కీళ్ళకి నిద్ర సుఖాన్ని ఎరుగుతుంది. అది అడగడం తప్పు కాదు, గొంతెమ్మ కోరిక అంతకన్నా కాదు.

నా చిరిగిన కలంకారీని రెండుగా కత్తిరించి, మంచి భాగంతో నాలుగు గలీబులు కుట్టాను. రెండు నాకు, రెండు అమ్మకి. ఈ ఆదివారం మీరు కూడా బీరువా అడుగు అర తీయండి, ఉన్నవాటిలో మంచి దుప్పటి పరవండి. మీ దిండుని మధ్యకి మడిచి వదిలేయండి. తనంతట తాను విచ్చుకోకపోతే సోమవారం కొత్తది కొనండి. ముందు మీది. ఆయనది వచ్చే నెల చూడొచ్చు.